ఒక్క అచ్చు తేడా

మా ఇంటికి వచ్చిన మొదటి కంప్యూటర్ చిక్కబళ్ళాపురంలో పెళ్ళిపత్రికలు కొట్టే ఒక అంగడి నుంచి వచ్చింది. సెకండ్ హ్యాండ్ అని చెప్పారు గానీ, కీబోర్డు మీద అరిగిపోయిన అక్షరాలను చూస్తే అది రెండో చేతికి వచ్చిందో, ఇరవయ్యో చేతికి వచ్చిందో చెప్పడం కష్టం. ఆన్ చేస్తే లోపలి ఫ్యాను పిండిమర తిరిగినట్టు తిరిగేది. చిక్కబళ్ళాపురం అప్పటికింకా జిల్లా కాలేదు. మా కంప్యూటర్ కూడా అప్పటికింకా పూర్తిగా కంప్యూటర్ కాలేదని మా అమ్మ అభిప్రాయం. మానిటర్ వెనకవైపు వెచ్చగా ఉంటుందని దాని నెత్తిన వడియాల పళ్ళెం పెట్టేది. ఆ పని మాత్రం అది ఏనాడూ పాడుచేయలేదు.

కన్నడ సీమ అంచున ఉన్న బాగేపల్లిలో మాది ముందర అంగడి, వెనక ఇల్లు. ముందర నాయన శెనక్కాయలు, పప్పులు, బెల్లం అమ్మేవాడు. వెనక నడిమింట్లో కంప్యూటర్. నేను రోజూ బస్సులో చిక్కబళ్ళాపురం పోయి డిగ్రీ చదువుకునేవాణ్ణి. నా చదువుకు పనికొస్తుందని దాన్ని తెచ్చారు. నా చదువుకు తప్ప మిగతా అన్నిటికీ పనికొచ్చింది. అందరికంటే ఎక్కువగా నాయనకు.

నాయన పగలు వ్యాపారి, తక్కిన సమయంలో నాటకం మేష్ట్రు. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు ఎండాకాలం చేతిలో పని తగ్గినప్పుడు పౌరాణిక నాటకం ఆడతారు. వాళ్ళకు పద్యాలూ మాటలూ నేర్పించేది ఆయన. ఇక్కడొక సంగతి చెప్పాలి. మా ఇంట్లో నోరు తెలుగుది, చెయ్యి కన్నడది. మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చింది కన్నడం. కాబట్టి నాయన నాటకాలన్నీ తెలుగు నాటకాలే, రాత మాత్రం కన్నడ అక్షరాల్లో. వేషగాళ్ళకూ అదే చదవడం వచ్చు. నేను తెలుగు అక్షరాలు కదిరి, అనంతపురం బస్సుల బోర్డులు చూసి నేర్చుకున్నాను. ఇప్పటికీ నేను తెలుగు రాస్తే నేరుగా పోకుండా ఎక్కడో ఒకచోట ‘వయా’ అని చుట్టు తిరుగుతుంది. చదివేవాళ్ళు సర్దుకుపోవాలి.

ఆ ఏడాది మిట్టేమరి జాత్రకు నాటకం ఒప్పుకున్నారు. మాటలన్నీ కంప్యూటర్లో ఎక్కించి అచ్చేయిద్దామని నాయన ముచ్చటపడ్డాడు. ఆయన అటూ ఇటూ నడుస్తూ చెప్పడం, నేను కొట్టడం. పత్రికల అంగడివాళ్ళు వదిలేసి పోయిన కన్నడ ఫాంటు అందులోనే ఉండటం మా అదృష్టం అనుకున్నాం. రంగం తరవాత రంగం అచ్చేయించి వేషగాళ్ళకు పంచేశాం. మిగిలింది చివరి రంగం.

ఆ చివరి రంగం సంగతి వేరు. మిగతా నాటకమంతా పాతకాలం నుంచి నోటికి నోరు వచ్చిందే. ఈ ఒక్క రంగం నాయన సొంతంగా రాశాడు. యుద్ధం ఓడిపోయి రాజు కోటకు తిరిగొస్తే, నాటకమంతా తలుపు దగ్గర ఈటె పట్టుకుని మాట్లాడకుండా నిలబడిన ద్వారపాలకుడు మొదటిసారి నోరు తెరుస్తాడు. నాయన కుర్రతనంలో ఎన్ని నాటకాల్లో వేసినా ఆయనకిచ్చింది ద్వారపాలకుడి వేషమేనట. తెల్లవార్లూ నిలబడటం, “చిత్తం మహాప్రభూ” అనడం. ఇప్పుడు మేష్ట్రు కదా, రాజు వేషం వేసుకోవచ్చు. వేసుకోలేదు. ద్వారపాలకుడినే అడిగి తీసుకున్నాడు. వాడికి మాటలు రాసుకున్నాడు. అవి మాత్రం ఎంతకీ తెగలేదు. నిన్న చెప్పింది ఈరోజు కొట్టేయమనేవాడు, ఈరోజు కొట్టేసింది రేపు మళ్ళీ పెట్టమనేవాడు. అందుకే ఆ రంగం అచ్చుకు పోలేదు. కంప్యూటర్ లోపలే ఉండిపోయింది.

మా అక్కను చింతామణికి ఇచ్చాం. బావ అక్కడ ఒక ఆఫీసులో కంప్యూటర్ పని చేసేవాడు. కాబట్టి మా ఇంట్లో స్విచ్చి వేయాలన్నా ఆయన మాటే వేదం. మా మిషను నిదానంగా పోతోందని విని ఒక సీడీ పంపించాడు. కొత్త రకం ఆపరేటింగ్ సిస్టం, ఊరికే ఇస్తున్నారు, పైగా మొదటి నుంచి చివరిదాకా కన్నడంలోనే మాట్లాడుతుందట. ఉన్నదాన్ని కదిలించకుండా పక్కనే దీన్నీ పెట్టుకోవచ్చట. కన్నడం అనగానే నాయన అంగడి బల్ల దిగి వచ్చేశాడు. “నేనే నొక్కుతా. ఇన్నాళ్ళూ ఇంగ్లీషులో అడుగుతాంటే నువ్వు నొక్కితివి. ఇప్పుడు నాకర్థమయ్యే మాట అడుగుతాండాది” అన్నాడు.

ఫోను ముందర అంగట్లో. కంప్యూటర్ వెనక నడిమింట్లో. ఫోను తీగ అంతదూరం రాదు. కాబట్టి బావ చింతామణిలో, నేను అంగట్లో రిసీవర్ పట్టుకుని, నాయన లోపల కుర్చీలో. తెర మీద ఏమొచ్చిందో నాయన అరుస్తాడు, నేను బావకు చెబుతాను, బావ చెప్పింది నేను నాయనకు అరుస్తాను. మధ్యలో అరకిలో కందిబేడలు అడిగినవాళ్ళకు అవీ కొలిచాను.

అంతా బాగానే పోయింది. ఒకచోట నాయన గట్టిగా చదివాడు: “ఇంతకుముందు ఉండేదాన్ని ఉళిసాలా, అళిసాలా అంటాండాది!”

కన్నడంలో ఉళిసు అంటే దాచి ఉంచడం. అళిసు అంటే చెరిపేయడం. అళిసు అంటే ఏడిపించడం కూడా. ఆ రెండో అర్థం ఎందుకు పెట్టారో నాకు ఆ రోజే తెలిసింది. రెండు మాటలకీ తేడా ముందున్న ఒక్క అచ్చు. తెలుగులో అచ్చు అంటే ముద్రణ కూడా కాబట్టి, అచ్చు కావలసిన నాటకం అచ్చు తేడాతో పోయిందని నేను తరవాత చాలామందికి చెప్పి నవ్వించాలని చూశాను. నాయన ముందు మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

“బావా, ఉళిసాలా అళిసాలా అంటాండాదంట.”

“ఉళిసప్పా, ఉళిసు. అళిసు అనేదాని జోలికే పోవద్దండి. మామకు గట్టిగా చెప్పు.”

నేను గట్టిగానే చెప్పాను. “నాయనా! అళిసు అనేది నొక్కొద్దంట, ఉళిసు నొక్కమంటాండాడు!”

నా వాక్యంలో తప్పేమీ లేదు. వ్యాకరణం ప్రకారం చూసినా సరిగ్గానే ఉంది. కానీ నాయన నాటకాలవాడు. తెర పక్కన నిలబడి అందించేవాడు మొదటి మాట అందిస్తే చాలు, మిగతాది వేషగాడు అందుకుని దౌడు తీయాలి. రెండో మాట కోసం ఎదురుచూసే వేషగాణ్ణి ఆయన తన గుంపులో నిలవనిచ్చేవాడు కాదు. బతుకంతా అలవాటైన చెవి అది. మన భాషలోనేమో ‘వద్దు’ వాక్యం తోకలో ఉంటుంది. నేను ‘అళిసు’ అన్నాను. ఆయన అందుకున్నాడు. నేను ‘నొక్కొద్దంట’ దాకా వచ్చేసరికి లోపలి నుంచి కీ నొక్కిన చప్పుడు వినబడింది.

“నొక్కితిని!” అన్నాడు నాయన.

మిషను పాపం మంచిదే. ‘ఖచితవే?’ అని ఇంకోసారి అడిగిందట. నిజంగానేనా అని. నాయనకు ఖచితం అంటే రత్నఖచిత సింహాసనమే. మహారాజు అడిగినట్టు అడిగితే “హౌదు” అని దర్జాగా అదీ నొక్కేశాడు.

కాసేపటికి తెర మీద పెద్ద అక్షరాలతో ‘సుస్వాగత’ అని వచ్చింది. “చూడప్పా, ఎంత మర్యాదగా పిలస్తాండాదో!” అని నన్ను లోపలికి పిలిచాడు. ఇద్దరం ఆ మర్యాదను కాసేపు మెచ్చుకున్నాం. తరవాత ఆయన అటూ ఇటూ వెతికి అడిగాడు. “అంతా బాగుండాది. నా ద్వారపాలకుడు యాడ?”

నేను పరుగెత్తిపోయి ఫోను ఎత్తాను. బావ లైన్లోనే ఉన్నాడు. అంతా చెబితే, “ఆర్పేయండి! ఏమీ ముట్టుకోవద్దండి! దాన్నట్లే ఎత్తుకోని చింతామణికి రా” అని కేకలేశాడు.

చింతామణికి పోయేలోపు నాయన ఆ రంగాన్ని మళ్ళీ చెబుతానన్నాడు. “నేను రాసిందే కదా, నా తలకాయలో ఉండదా?” నేను కాగితం తీసుకుని కూర్చున్నాను. ఆయన నడవడం మొదలుపెట్టాడు. రాజు మాటలన్నీ వచ్చాయి. రాణి మాటలు వచ్చాయి. ఎప్పుడో చచ్చిపోయిన వేషగాళ్ళు తప్పుగా పాడిన పద్యాలు కూడా తప్పుతో సహా వచ్చాయి. ద్వారపాలకుడు మాత్రం ఈటె పట్టుకుని నిలబడ్డాడు, నోరు తెరవలేదు. “మొదట్లో తలుపు అని ఏందో పెట్టింటి... కాదు, అది కొట్టేయించింటి... ఏరా, నువ్వే కదా కొట్టింది, నీకు గుర్తులేదా?” అని నా మీదికి వచ్చాడు. నాకేం గుర్తుంటుంది? నేను అక్షరాలు కొట్టానే తప్ప మాటలు కొట్టలేదు. ఆయన నడుస్తూ ఉంటే నా కళ్ళు కీబోర్డు మీద, నా మనసు సాయంత్రం క్రికెట్టు మీద ఉండేవి. ఆ కాగితం మీద చివరికి ‘మహారాజా’ అన్న ఒక్క మాట మిగిలింది. దాన్ని కూడా ఆయన ‘ప్రభూ’ అని దిద్దాడు.

మరునాడు కంప్యూటర్ డబ్బాను పాత దుప్పట్లో మూటగట్టి చేళూరు మీద పోయే బస్సెక్కాను. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే పక్కన కూర్చున్న అవ్వ మూటను వేలితో పొడిచి చూసింది.

“ఏమప్పా ఇది?”

“కంప్యూటరవ్వా.”

“దాన్ని యాడికి ఎత్తకపోతాండావు?”

“చింతామణికి. దానికి అంతా మర్చిపోయింది.”

“అయ్యో పాపం. మా మొగుడికీ అట్లనే ఉండాది. యాడ చూపిస్తాండావు? బాగుంటే ఆయన్నీ తోలకొస్తా.” కండక్టరు లగేజీ టికెట్టు కొట్టడానికి వచ్చాడు. “ఉండప్పా, వాడే బాధలో ఉండాడు” అని ఆమె అడ్డంపడింది. కండక్టరు నా మొహం చూసి ముందుకు పోయాడు. ఆ ప్రయాణంలో నాకు జరిగిన మేలు అదొక్కటే.

బావ నన్ను తనకు తెలిసిన రిపేరు అంగడికి తీసుకుపోయాడు. నడిచేదారంతా నన్ను వదల్లేదు. “నేను ఉళిసు అంటి. మీరు అళిసిరి. ఇప్పుడు అందరూ అళ్తాండారు.” కన్నడంలో అళ్తాండారంటే ఏడుస్తున్నారు. ఆయనకు ఆ మాట ఎంత బాగా కుదిరిందో ఆయనకే ముచ్చటేసి, అక్కతో చెప్పాడు, దారిలో కనబడినవాళ్ళతో చెప్పాడు, రిపేరతనికీ చెప్పాడు. నాకంటే ముందే ఎవరైనా చమత్కారం చేస్తే నాకు నచ్చదు. అందులోనూ నేను మోస్తున్న మూట మీద.

రిపేరతను ధైర్యస్థుడు. “బిడప్పా, వదిలేయ్, ఏమీ పోలేదు” అన్నాడు మూట విప్పకముందే. “డిస్కులో ఏదీ పోదు. పాత సంసారం ఉండే ఇంట్లోకి కొత్త సంసారం దిగింది. కొత్తోళ్ళు ఏ మూల సామాన్లు పెట్టుకునిందారో ఆ మూలది మాత్రం పాయ. తక్కినవన్నీ ఉంటాయి. పేర్లు, విలాసాలు పోయింటాయి, అంతే. అన్నీ రికవరీ చేసిస్తా.” మా బజార్లో రికవరీ అంటే అప్పు వసూలుకు సొసైటీవాళ్ళు జీపులో దిగడం. ఆ మాటకు అంత ఆశ పుట్టించే అర్థం కూడా ఉందని అప్పుడే తెలిసింది.

డిస్కును ఊడదీసి తన మిషనుకు తగిలించి వెతకమని వదిలాడు. అది వెతుకుతూనే ఉంది. అక్కావాళ్ళింట్లో తిని, పడుకుని, మళ్ళీ వచ్చాను. వెతుకుతూనే ఉంది. మరుసటి మధ్యాహ్నానికి ఆగింది. “చూడు, ఎన్నొచ్చినాయో!” అన్నాడు రిపేరతను, కోళ్ళగంప ఎత్తి చూపించినట్టు. నిజంగానే లెక్కలేనన్ని ఫైళ్ళు. వేటికీ పేర్లు లేవు, అంకెలున్నాయి. ఒక బొమ్మ తెరిచాడు. వినాయకుడు. ఇంకోటి తెరిచాడు. అరటిచెట్లు, కలశం. ఇంకోటి. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ దండలు మార్చుకుంటున్నారు.

“ఇవి మీవేనా?”

“కాదన్నా. పత్రికలంగడోళ్ళవి. మాకు ముందు ఉన్నోళ్ళవి.”

“ఓహో, పాత సంసారానికి ముందర సంసారం!” అని సంబరపడ్డాడు. మాది ఒక్కటీ దొరకలేదు గానీ చిక్కబళ్ళాపురం చుట్టుపక్కల ఎన్నడో అయిపోయిన పెళ్ళిళ్ళన్నీ లేచి కూర్చున్నాయి. మధ్యలో రాతఫైళ్ళు కొన్ని ఉన్నాయి. తెరిస్తే అక్షరాలు కావు. కొమ్ములు, చుక్కలు, డాలరు గుర్తులు, తలకిందుల ప్రశ్నార్థకాలు. కన్నడంలో కొట్టినవే, కానీ ఆ ఫాంటు ఈ మిషన్లో లేదు. ఫాంటు లేకపోతే పెళ్ళిపత్రికా ద్వారపాలకుడూ ఒకేలా కనిపిస్తారు. ఎంతసేపు చూసినా ఏది శుభలేఖో ఏది యుద్ధమో తేలలేదు.

“ఆ ఫాంటు యాడ దొరకతాదన్నా?”

“దీన్ని ఎవరు అమ్మినారో వాళ్ళకాడే” అన్నాడు. “నేనైతే నా పని చేసినా. వచ్చినాయి కదా. చదివించే పూచీ నాది కాదు.” న్యాయమైన మాటే. అందుకే ఇంకా ఒళ్ళు మండింది. అన్నీ ఒక సీడీలో కొట్టించుకుని, డబ్బాను అక్కడే వదిలి, చిక్కబళ్ళాపురం బస్సెక్కాను. జాత్ర దగ్గరికొస్తోంది. బస్సెక్కేముందు అక్క ఇంటి నుంచి ఫోను చేస్తే నాయన ఒక్కటే మాట అడిగాడు. “దొరికినాడా?” మనిషి తప్పిపోయినట్టు.

పత్రికల అంగడి ఆయనకు మొదట కోపం వచ్చింది. “నేను అన్నీ క్లీన్ చేసే ఇచ్చినా కదప్పా! నావి నీకెట్ల వచ్చినాయి?” దొంగసొమ్ము పట్టుబడ్డట్టు నేను సీడీ వెనక దాక్కున్నాను. జరిగిందంతా చెప్పాను. ఉళిసు అళిసు దగ్గర ఆయన కూడా నవ్వాడు. అందరూ అక్కడే నవ్వేవాళ్ళు. సీడీ పెట్టి, మొదటి వినాయకుణ్ణి చూడగానే ఆయన మొహం మారిపోయింది.

“అరెరే! ఈ అంచు డిజైను! దీనికోసరం నేనెంత వెతికినానో తెలుసా? ఆ మిషన్తోపాటు పోయిందనుకుంటి!”

“అన్నా, ఆ రాతఫైళ్ళు...”

“ఉండప్పా, ఉండు. ఇది చూడు, ఈ నెమలి. ఇట్లాంటి నెమలి ఇప్పుడు ఎవురు గీస్తారు?”

నెమలి తరవాత నెమలి. ప్రతిదానికీ ఒక కథ. ఈ పత్రికలో పెళ్ళికూతురి పేరు తప్పుపడి మళ్ళీ కొట్టారట. ఈ పెళ్ళికొడుకు తాళి కట్టే రోజు కనబడకుండా పోతే తమ్ముడికిచ్చి చేశారట. మేము పోగొట్టుకున్నదాన్ని వెతుకుతూ నేను మూడు ఊళ్ళు తిరిగితే, తాను పోగొట్టుకున్నది ఈయనకు కూర్చున్న కుర్చీలోకి నడిచొచ్చింది. నాకు టీ చెప్పాడు. తాగాను. ఇంకో టీ చెప్పాడు. కడుపుమంట మీద అదీ పోశాను.

చివరికి రాతఫైళ్ళ మీదికి వచ్చాడు. ఆయన మిషన్లో ఆ ఫాంటు ఉంది. కొమ్ములూ చుక్కలూ ఒక్కసారిగా సర్దుకుని కన్నడ అక్షరాలై కూర్చున్నాయి. నా గుండె కూడా అక్షరాల్లాగే సర్దుకుంది. పత్రిక. పత్రిక. నామకరణం. గృహప్రవేశం. రాజు, మొదటి రంగం. అది మా దగ్గర అచ్చులోనే ఉంది. పత్రిక. రాణి ఏడుపు, అదీ ఉంది. ఒకటి తెరిచేసరికి ఆయన ఆగాడు. “ఇదేందప్పా, తెలుగు మాదిరి ఉండాది” అని పైకి చదివాడు.

“మహారాజా! ఈ తలుపు తెరిచినవాడను నేనే, మూసినవాడను నేనే. లోపలికి వెళ్ళినవారి ముఖములు చూచితిని. వెలుపలికి వచ్చినవారి ముఖములు చూచితిని. నడుమ లోపల ఏమి జరిగెనో, ఏనాడునూ నన్నెవ్వరునూ...”

“అదే! అదేనన్నా!” అని నేను లేచి నిలబడ్డాను.

“...నన్నెవ్వరునూ సకుటుంబ సమేతరాగి బందు వధూవరరన్ను ఆశీర్వదిసబేకాగి కోరువ...” అని ఆయన అదే ఊపులో చదువుకుపోయాడు.

ద్వారపాలకుడు మాట మధ్యలో పెళ్ళిపత్రికలోకి నడిచిపోయాడు. అక్కడి నుంచి ముహూర్తం, కల్యాణమండపం, భోజనాలు, ‘తమ్మ ఆగమనాభిలాషిగళు’, అంటే మీ రాక కోరేవాళ్ళు. మిగతా సగం మీద కొత్త సంసారం సామాన్లు పెట్టుకుంది కాబోలు. ఉన్న ఫైళ్ళన్నీ ఇంకోసారి తిరగేయించాను. రెండో సగం లేదు. అంగడి ఆయన జాలిపడి ఆ పేజీని మంచి కాగితం మీద అచ్చు తీసిచ్చాడు. పొరబాటునో అలవాటునో పైన ఒక నెమలిని కూడా పెట్టాడు.

బాగేపల్లిలో దిగి నేరుగా అంగట్లోకి పోయి కాగితం నాయన చేతిలో పెట్టాను. ఆయన త్రాసు పక్కకు జరిపి, కళ్ళద్దాలు తుడుచుకుని చదివాడు. పెళ్ళిపత్రిక దాకా వచ్చి ఆగాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. నేను ఆయన కళ్ళలో ఏదో వెలుగు కోసం చూస్తున్నాను.

“ఇదేనా?” అన్నాడు.

“ఇదే. సగమే దొరికింది నాయనా.”

“సగం సంగతి కాదురా. నేను రాసింది ఇదేనా? ఇంత చప్పగా ఉండాదే.” కాగితం బల్ల మీద పెట్టాడు. “ఇన్ని దినాలూ ఇది ఎంతో బాగుండాదనుకుంటాంటి.”

అప్పుడే పరగోడు నుంచి రాజు వేషగాడు శెనక్కాయల కోసం వచ్చాడు. మంచి గొంతు, మంచి పొలం, రెండింటి గురించీ ఆయనకు బాగా తెలుసు. కాగితం తీసుకుని చూసి, “నేనప్పుడే చెప్తి కదన్నా” అన్నాడు. “రాజు ఓడిపోయి వచ్చి ఏడస్తాంటే తలుపు కాడ వాడు మాట్లాడేదేంది? పాత మాదిరి నా పద్యంతో ముగించేద్దాం. ఉళిసుకునేది ఉళిసుకోని అళిసేది అళిసేస్తే పాయె.”

ఆ జోకు పరగోడు దాకా పోయిందన్నమాట.

నాయన “అట్లనే కానిద్దాం లేప్పా” అన్నాడు. అంత సులభంగా అన్నాడు. రాజు సంచి నింపుకుని పోయేదాకా నేను పళ్ళు కొరుక్కుంటూ ఉండి, తరవాత అరిచాను. “మూటగట్టుకోని బస్సుల్లో తిరిగింది నేను. వాళ్ళ నెమళ్ళన్నీ చూసింది నేను. నువ్వు అట్లనే కానిద్దామంటావా? ఇది బాగుండాది నాయనా!”

“యాడ బాగుండాది చెప్పు.”

ఆ మాటలు నేను కొట్టినవే, మూడు ఊళ్ళు మోసినవే. చదవలేదు. కాగితం లాక్కుని అక్కడే, బెల్లం దిమ్మల పక్కన నిలబడి మొదటిసారి చదివాను. బడిపిల్లవాడిలా పైకి చదివాను. ‘ముఖములు’ దగ్గర నాయన, “అంత తొందరగా కాదు. వాడు ఎన్నో ఏండ్లు నిలబడినోడు. నిదానంగా వస్తాది వాడికి మాట” అన్నాడు. నిదానంగా చదివాను. ‘నన్నెవ్వరునూ’ దగ్గర ఆగాను.

“బాగుండాది” అన్నాను. “ఇంతకంటే నాకు చెప్పడం రాదు. దీని తరవాత వాడేమంటాడో నాకు తెలుసుకోవాలని ఉండాది.”

నాయన నా వైపు చూశాడు. ఏదో అనబోయాడు. అంతలో ఒకామె ఉద్దిబేడలు అడిగింది. ఆయన కొలిచిచ్చి, చిల్లర వెతికి, ఆమె మొగుడి కాలు ఎట్లా ఉందో అడిగి తిరిగొచ్చేసరికి ఆ మాట పోయింది. దాన్ని వెనక్కి తెచ్చే అంగడి చింతామణిలో కూడా లేదు. “చూద్దాం లే” అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మిట్టేమరిలో నాటకం రాత్రంతా నడిచి, చివరి రంగం వచ్చేసరికి తెల్లవారింది. ట్యూబులైట్లు వెలవెలబోతున్నాయి. పరగోడు రాజు ఓడిపోయి వచ్చి, తన పద్యం పాడి, ఒన్స్ మోర్ వస్తుందేమోనని కాసేపు చూసి, వచ్చాక ఇంకోసారి పాడాడు. ఇక తెర పడాలి. తెర లాగేవాడు తాడు పట్టుకున్నాడు. అప్పుడు తలుపు దగ్గర నిలబడిన నాయన ఈటె గోడకు ఆనించి, రెండడుగులు ముందుకొచ్చాడు.

“మహారాజా!” అన్నాడు.

రాజు నిజంగానే అదిరిపడ్డాడు. ఆ నాటకంలో అంత సహజమైన నటన అదొక్కటే.

“ఈ తలుపు తెరిచినవాడను నేనే...”

నేను జనంలో కూర్చున్నాను. నా ముందు తలకు తుండుగుడ్డ కట్టుకున్న ఒక ముసలాయన లేచి పంచె దులుపుకున్నాడు. “ద్వారపాలకుడే మాట్లాడినాడంటే నాటకం అయిపోయినట్టే. పదండప్పా, ఆవుల్ని పిండాల” అన్నాడు. ఆ మాట వరసలు దాటి పోయింది. జనం లేచారు. చాపలు దులిపారు. నిద్రపోయిన పిల్లల్ని పేర్లు పెట్టి పిలిచారు. ఎక్కడో ట్రాక్టరు స్టార్టయింది. నాయన మాట్లాడుతూనే ఉన్నాడు. ‘నన్నెవ్వరునూ’ దాకా నాకు వినబడింది. అక్కడ ఆయన ఆగలేదు. పెదవులు కదులుతూనే ఉన్నాయి, చెయ్యి పైకి లేచింది, వేలితో తలుపు వైపు చూపించాడు. రాజు తల దించుకున్నాడు. నేను చాపలు తొక్కుకుంటూ ముందుకు తోసుకుపోయాను. మనుషులందరూ నాకు ఎదురు వస్తున్నారు. ఒకామె చంకలో బిడ్డ నా చొక్కా పట్టుకుని వదల్లేదు. విడిపించుకుని రంగస్థలం దగ్గరికి పోయేసరికి తెర పడిపోయింది.

తిరుగు బస్సులో నాయన మొహం మీది రంగు సగమే పోయింది. చెవుల దగ్గర ఇంకా ఎర్రగా ఉంది. నేను పక్కన కూర్చుని చాలాసేపు ఓపికపట్టి అడిగాను.

“నాయనా, నన్నెవ్వరునూ తరవాత ఏం చెప్పినావు?”

“ఏందో వచ్చింది. చెప్పినా.”

“ఏమొచ్చింది?”

“నువ్వు అక్కడే ఉంటివి కదరా. ఇనలేదా?”

“ట్రాక్టరు నాయనా. జనం లేచినారు. నాకు ఇనపళ్ళేదు.”

ఆయన కిటికీ బయటికి చూశాడు. పెదవులు ఒకసారి కదిలాయి. నేను చెవి దగ్గరికి పెట్టాను.

“బాగొచ్చింది” అన్నాడు. అని, నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు.